కిక్కు కొట్టినోడి చరిత్ర

పాత మోటారు సైకిలుకి చరిత్ర రాసేవాళ్లు ఇంజను నంబరుతో మొదలుపెడతారు. ఛాసిస్ నంబరు, తయారైన ఏడు, కంపెనీ పెట్టినాయన పేరు, మొదట కొన్న ఆసామి పేరు రాస్తారు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో చెబుతారు. చేతులు మారడం అంటే వాళ్ల లెక్కలో యజమానులు మారడమే. ఆ బండిని రోజూ కడిగిన చేతులు, పొద్దున్నే కిక్కు కొట్టి రాజేసిన కాళ్లు, చెడిపోతే నడిరోడ్డుమీద మోకాళ్లమీద కూర్చుని విప్పిన మనుషులు ఆ లెక్కలోకి రారు. ఆర్.సి. పుస్తకంలో వాళ్ల పేరు రాసే గడి లేదు.

నేను మాదిగపల్లెలో పుట్టినోణ్ణి. తెనాలి పక్క ఊరు మాది. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేశాను. పాత మోటారు సైకిళ్లు బాగుచేసి నడపడం నా సరదా. ఈ మాట చెబితే మన ఉద్యమ మిత్రులే నవ్వుతారు. "అదేందన్నా, భూమి గురించి రాయి, రిజర్వేషన్ల గురించి రాయి, బండ్ల గోల మనకెందుకు" అంటారు. సరదా అనేది కడుపు నిండినోళ్ల సంగతని వాళ్ల ఉద్దేశం. నేను వాళ్లని అడిగేది ఒకటే. మనల్ని ఏ దారిన నడవనిచ్చారు, ఏ దారిన నడవనియ్యలేదు అన్నది చరిత్రే కదా. మరి ఆ దారిమీద ఏమెక్కి పోనిచ్చారు, ఎక్కడ దించారు అన్నది చరిత్ర కాకుండా ఎట్లా పోద్ది?

బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చూడండి. చిన్న పుస్తకం. అందులో మనసులో నిలిచిపోయే రెండు సంగతులు బండి దగ్గరే జరిగాయి. 1901లో ఆయన చిన్న పిల్లాడు. అన్నతో, అక్క పిల్లలతో కలిసి కోరెగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగాడు. మహర్ పిల్లలని తెలియగానే ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, రెండింతల కిరాయికి. పిల్లలే బండి తోలుకోవాలి, వాడు పక్కన నడిచొస్తాడు. అదీ షరతు. 1929 నాటికి ఆయన బారిస్టరు. అంటరానివాళ్ల కష్టాలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో దిగితే అక్కడి టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలమన్నారు. మనోళ్లు టాంగా కిరాయికి తీసుకుని, వాళ్లలోనే ఒకణ్ణి తోలమన్నారు. పాపం అతనికి తోలడం రాదు. వంతెన దగ్గర టాంగా తిరగబడి ఆయన కాలు విరిగింది. దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి కాలు, టాంగావాడి కులగౌరవం నిలబెట్టడానికి విరిగింది.

ఎడ్లబండి పోయి టాంగా వచ్చింది. టాంగా పోయి మోటారు సైకిలు వచ్చింది. యంత్రం వస్తే కులం పోతుందని మన పెద్దలు కొందరు చెప్పారు. మా ఊళ్లో యంత్రం వచ్చింది. కులం దానిమీదెక్కి కూర్చుంది.

మన దేశంలో పాత బండ్ల సరదా అంటే ముఖ్యంగా రెండు పేర్లు వినబడతాయి. ఒకటి బుల్లెట్. ఇంగ్లండులో రెడిచ్ ఊళ్లో పుట్టిన ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ వాళ్లతో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్లు తయారయ్యాయి. మొదట సైన్యానికీ పోలీసులకీ, తర్వాత డబ్బున్న ఆసాములకీ. ఇంగ్లండులో కంపెనీ మూతపడ్డా మద్రాసులో మాత్రం అదే పోత ఇనప ఇంజను చాలా ఏళ్లు తయారైంది. రెండోది జావా. చెకొస్లొవేకియా బండి. దాన్ని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసింది. ఫ్యాక్టరీని 1961లో మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడెయారు ప్రారంభించాడు. 1973 నుంచి అవే బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జావా పేరు మళ్లీ 2018లో, యెజ్డీ పేరు 2022లో వేరే కంపెనీ కొత్త బండ్లమీద తెచ్చింది. వాటి సంగతి నాకక్కర్లేదు. నేను మాట్లాడేది పాతవాటి గురించి.

ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుద్ది. దొరకని సంగతులు రెండున్నాయి.

మొదటిది మా పెదనాయన సంగతి. ఆయన ఊళ్లో ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆ ఆసామి 1968లో బుల్లెట్ కొన్నాడు. ఊరికంతటికీ అదే మొదటి బుల్లెట్. ఆ బండిని స్టార్ట్ చేయడం ఇప్పటి బండ్లలాగా మీట నొక్కడం కాదు. 350 అని పిలిచే ఆ ఇంజను అసలు కొలత 346 సీసీ. సిలిండరు అడ్డం 70 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ ఆడే దూరం 90 మిల్లీమీటర్లు. ఒక్కటే సిలిండరు. తాళం తిప్పి, కిక్కుని మెల్లగా దింపుతూ అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా చూడాలి. అప్పుడు డీకంప్రెషన్ లివరు నొక్కి, పిస్టను పైకొచ్చి కొంచెం దాటేట్టు కిక్కు ఇంకాస్త దించాలి. లివరు వదిలి, కిక్కు పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్కటే తొక్కు తొక్కాలి. సగం మనసుతో తొక్కినా, టైమింగు ముందుకి జరిగి ఉన్నా, కిక్కు రాడ్డు తిరిగొచ్చి కాలిని కొడుద్ది. ముంగాలి ఎముక చిట్లినోళ్లు, మడమ బెణికినోళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

రోజూ పొద్దున్నే బండి కడిగి, తుడిచి, కిక్కు కొట్టి, ఇంజను వేడెక్కేదాకా పక్కన నిలబడి, ఆసామి వచ్చేసరికి స్టాండుమీద గుడుగుడుమంటూ ఉంచడం పెదనాయన పని. పదహారేళ్లు చేశాడు. ఆయనకి అక్షరం రాదు. పిస్టను, వాల్వు లాంటి మాటలు రావు. కానీ ఇంజను శబ్దం విని ట్యాపెట్లు వదులయ్యాయో, పాయింట్లు కాలాయో చెప్పేవాడు. "ముల్లు మజ్జెకొచ్చిందంటే దాని గుండెకాయ పైకొచ్చిందనుకోరా" అని నాకు మొదట పాఠం చెప్పింది ఆయనే. ఒకసారి కిక్కు తిరిగి కొట్టింది. ముంగాలు వాచి నెలరోజులు మంచంలో ఉన్నాడు. ఆ నెల కూలి రాలేదు. కిక్కు కొట్టడానికి పెదనాయన కొడుకు పోయాడు, పన్నెండేళ్ల పిల్లాడు. వాడి బరువు చాలక రెండు కాళ్లతో ఎగిరి తొక్కేవాడు.

ఆ పదహారేళ్లలో పెదనాయన ఆ సీటుమీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. సీటు తుడిచే చెయ్యి అంటు కాదు. కూర్చుంటే అంటు. ఈ లెక్క ఎవరు రాశారో మనకి తెలుసు.

రెండోది మాలపల్లె మాస్టారి సంగతి. ఆయన ట్రైనింగ్ చదివి టీచరయ్యాడు. 1972లో గుంటూరులో పాత జావా కొన్నాడు, 1966 మోడలు. రెండు పల్లెల్లో కలిపి మోటారు బండి కొన్న మొదటి మనిషి ఆయనే. స్కూలు ఊరికి అవతల. మధ్యలో ఊరు. చెరువుగట్టు దగ్గర మొదలై రచ్చబండ మీదుగా, రామాలయం దాటేదాకా ఆయన బండి ఎక్కకూడదు. సైకిళ్లకి ముందునుంచీ ఉన్న కట్టుబాటే మోటారు సైకిలుకీ పెట్టారు. సైకిలైతే ఒక చేత్తో నడిపించుకు పోవచ్చు. జావా 125 కిలోలకు పైనే ఉంటది. ఇంజను కూడా ఆపాలి. శబ్దం చేస్తే మర్యాద కాదంట. ఎండాకాలం తెల్లచొక్కా తడిసి ముద్దయ్యేది ఆయనకి. మేం పిల్లలం వెనకనుంచి తోసేవాళ్లం. రామాలయం దాటాక ఆయన కిక్కు కొట్టి, తోసినందుకు మాలో ఒకణ్ణి ఎక్కించుకుని కాలవ దాకా తీసుకుపోయేవాడు. జావా ప్రత్యేకత ఏందంటే కిక్కు రాడ్డే గేరు రాడ్డు. స్టార్టయ్యాక లోపలికి నొక్కి ముందుకి తిప్పితే అదే గేరవుద్ది. క్లచ్ పట్టకపోయినా గేరు మారుద్ది. "ఒరే అబ్బాయ్, ఒక్క రాడ్డుతో రెండు పన్లు చేయించుకున్నాడు చూడు తెల్లోడు" అని నవ్వేవాడు మాస్టారు. ఆ సీటుమీద కూర్చునే నేను మెకానిక్ అవ్వాలనుకున్నాను.

అట్లా 13 ఏళ్లు తోశాడు ఆయన.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువుని మురికి చేయొద్దన్నందుకు మాదిగపల్లెమీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినోళ్లు చీరాలొచ్చి శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. మా రెండు పల్లెల్లో బియ్యం పోగుచేశారు. మాస్టారు జావా వెనక బియ్యం మూట కట్టుకుని తెనాలి నుంచి చీరాల పోయి ఇచ్చొచ్చాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాడు. మూడోరోజు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రామాలయం దగ్గర ఆయన దిగలేదు. ఇంజను ఆపలేదు. రచ్చబండమీద కూర్చున్నోళ్లు లేచి నిలబడ్డారంట. చెరువుగట్టు మీదుగా పల్లెలోకి బండిమీదే వచ్చాడు. అప్పటికి నాకు 19 ఏళ్లు. తెనాలిలో ఒక సాయిబు మేస్త్రి షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఆదివారం ఇంటికొస్తే పల్లెంతా ఇదే మాట.

తర్వాత మూడోరోజు రాయి పడింది. ఆయన తొడకి తగలాల్సింది పెట్రోలు ట్యాంకుకి తగిలి సొట్టపడింది. ఆయన దిగలేదు. వారం తర్వాత రాత్రిపూట ఎవరో రెండు టైర్లు కోసి, ట్యాంకులో ఇసక పోశారు. మాస్టారికి తెలియక కొత్త టైర్లేయించి స్టార్ట్ చేశాడు. ఇసక లోపలికి పోయి పిస్టను పట్టేసింది. పోలీసులు కాయితం తీసుకోలేదు. "బండికి కేసేందయ్యా" అన్నారంట. పై ఏడు ఆయన వేరే మండలానికి బదిలీ అయి కుటుంబంతో వెళ్లిపోయాడు. జావా మాలపల్లెలో ఆయన ఇంటి పంచలో తాటాకుల కింద పడి ఉండిపోయింది.

1991 ఆగస్టు 6న చుండూరు. మాకు దగ్గర ఊరే. ఎనిమిదిమంది. సినిమా హాల్లో దళిత కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలిందన్న గొడవ దగ్గర మొదలై అక్కడిదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన కాలు వాళ్ల బండికి కిక్కు కొట్టొచ్చు. వాళ్ల ఒంటికి పొరపాటున తగిలితే ఊరు తగలబడుద్ది.

1998లో నేను మాస్టారి దగ్గరికి పోయి ఆ బండి అడిగాను. రిటైరయ్యి తెనాలిలో ఉన్నాడు. "అదింకా బండేనట్రా? తుప్పు" అన్నాడు. "మీరు తాళం ఇయ్యండి మాస్టారూ" అన్నాను. మాలపల్లె మాస్టారి బండి మాదిగపల్లోడు బాగుచేయడమేందని రెండు పల్లెల్లోనూ సణిగారు. మనలో మనకి ఉన్న గోడలు కూడా రాయకపోతే ఈ చరిత్ర సగమే అవుద్ది. ఆ గోడ నాకు మా సొంత పల్లెలోనే కనబడింది.

పధ్నాలుగు నెలలు పట్టింది. అన్నీ ఆదివారాలే. పిస్టను తుప్పుపట్టి సిలిండరులో అతుక్కుపోయింది. కిరసనాయిలు పోసి పదకొండు రోజులు నానబెట్టి, చెక్క పెట్టి కొట్టి కొట్టి దించాను. విజయవాడ ఆటోనగర్‌లో సిలిండరు రీబోరు చేయించి పెద్ద సైజు పిస్టను వేశాను. ట్యాంకులో నట్లు, బోల్టులు వేసి ఊపి ఊపి తుప్పు రాలగొట్టాను. జికోవ్ కార్బురేటర్ విప్పితే ఇంకా ఇసక రేణువులున్నాయి. ఫ్యాక్టరీ అప్పటికి మూతపడి రెండేళ్లు. సామాను దొరకదు. నైజాం వైపు పనిబడ్డప్పుడల్లా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో షాపులు, హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు తిరిగాను. ఒకచోట క్లచ్ ప్లేట్లు, ఇంకోచోట హెడ్‌లైట్ రింగు దొరికాయి.

గ్యాస్కెట్లు దొరకలేదు. షీటు కొని నేనే కోసుకున్నాను, మా నాయన రంపెతో. మా నాయన చెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలు కుట్టేవాడు, ఊళ్లో సైకిలు పంపులకీ గ్యాసు స్టవ్వులు రాకముందు కిరసనాయిలు స్టవ్వులకీ తోలు వాచర్లు కోసిచ్చేవాడు. గీత గీయకుండా గుండ్రంగా కోసేవాడు. ఆయన పోయాక రంపె, ఆరె, గూటం నా దగ్గరే ఉన్నాయి. లోహానికీ లోహానికీ మధ్య గాలి పోకుండా పట్టి ఉంచేది గ్యాస్కెట్టు. దాన్ని కోసే చెయ్యి ఏ ఇంజనీరింగ్ కాలేజీలో తయారవుద్ది? మాదిగ లందలో తయారైంది. తంగేడు చెక్క వాసనలో తయారైంది. మన పెద్దోళ్ల పని మురికి పని అన్నారు. అది యంత్రానికి ముందునుంచీ ఉన్న ఇంజనీరింగ్ అని ఎవరూ అన్లేదు. సీటు కూడా నేనే తోలుతో కుట్టాను. నాయన ఆరెతోనే.

రంగేసే అతను ట్యాంకుమీద సొట్ట చూసి, "లప్పం పెట్టి కొట్టేస్తా, కనబడదు" అన్నాడు. వద్దన్నాను. సొట్టమీదే రంగేయించాను.

బండి స్టార్టయిన రోజు మాస్టారు వచ్చాడు. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోశాను. నాలుగో కిక్కుకి అందుకుంది. మాస్టారు ఎక్కి రామాలయం దాకా పోయి, రచ్చబండ ముందునుంచి తిరిగొచ్చాడు. ఎవరూ ఏమీ అన్లేదు. కాలం మారిందని చెప్పడానికి ఇది రాయట్లేదు. రచ్చబండమీద ఆ రోజు కూర్చున్నోళ్లలో సగంమంది కొడుకులు అమెరికాలో ఉన్నారు. అనడానికి మనుషుల్లేరు, అంతే. మాస్టారు 2004లో చనిపోయాడు. బండి నాకే ఇచ్చి పోయాడు.

తర్వాత ఒక పాత బుల్లెట్ కొని చేశాను, 1974 మోడలు. దాన్ని పల్లెకి తీసుకుపోయి పెదనాయన్ని ఎక్కమన్నాను. అప్పటికి డెబ్బై దాటింది ఆయనకి, ఒక కాలు ఈడుస్తాడు. "ఎక్కడం నాకెందుకురా, ఒక్క కిక్కు కొట్టనీ" అన్నాడు. తాళం ఇచ్చాను. ముల్లు చూశాడు, లివరు నొక్కాడు, దించాడు, వదిలాడు. రబ్బరు చెప్పు కాలితో ఒక్కటే తొక్కు. అందుకుంది. ఇంజను కాసేపు విని, "ట్యాపెట్లు బిగించుకో" అని లోపలికి పోయాడు. నిజమే. ట్యాపెట్లు వదులుగానే ఉన్నాయి.

ఇప్పుడు పాత బండ్ల ర్యాలీలు జరుగుతున్నాయి. ప్రతి ఏడూ జూలై రెండో ఆదివారం జావా యెజ్డీ వాళ్లు పండగ చేసుకుంటారు. మంచిదే. నేనూ పోతాను. అక్కడ మంచి మనుషులున్నారు, అడిగితే సామాను పంచుకుంటారు. కానీ అక్కడ రోజంతా వినబడే మాట ఒకటుంది, 'ఒరిజినల్'. రంగు ఒరిజినలా, గీత ఒరిజినలా, బోల్టు తల ఒరిజినలా అని చూస్తారు. ఒక పోటీలో నా జావా చూసినాయన మార్కులు తగ్గించాడు. సీటు రెక్సిన్ ఉండాలి, తోలు ఒరిజినల్ కాదన్నాడు. సొట్ట ఎందుకు తీయించలేదని అడిగాడు. "అది రాయి తగిలిన సొట్ట సార్" అన్నాను. "అందుకే తీయించాల్సింది" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆయన కాయితంలో రాయికి గడి లేదు.

ప్రభుత్వం 2021 జూలైలో పాత వాహనాలకి కొత్త నిబంధనలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజి అంటారు. నంబరులో వి.ఎ. అక్షరాలిస్తారు. కొత్తగా నమోదుకి ఫీజు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకి 5,000. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకుపోవచ్చు గానీ రోజువారీ తిరగడానికి వీల్లేదు. నేను పెట్టుకోలేదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే గడువు తీరినప్పుడల్లా మళ్లీ చేయించుకుంటూ రోజూ తిప్పుతున్నాను. 13 ఏళ్లు తోసిన బండిని మళ్లీ ప్రదర్శనకి నిలబెట్టడం నాకిష్టంలేదు. ఇక అసలు రూపం అంటారా? ఆ బండి మా ఊరొచ్చిన రోజు దాని అసలు రూపం ఏంది? ఇంజను ఆపి, మనిషి దిగి, నలుగురు పిల్లలు వెనకనుంచి తోసేదే దాని అసలు రూపం. దాన్నే తిరిగి నిలబెట్టాలా?

మా అమ్మాయి ఎం.ఏ. చరిత్ర చదివింది. బుల్లెట్ నడుపుద్ది. నేను ఈ కథంతా చెబుతుంటే విని, "నాన్నా, మాస్టారు తోశాడన్నావ్, మీరు తోశారన్నావ్. మాస్టారి భార్య ఎక్కడుంది?" అని అడిగింది. నాకు తెలీదు. ఇద్దరం పోయి ఆమెనే అడిగాం. అప్పటికి ఎనభైకి దగ్గరున్నారు. ఆమె చెప్పింది ఇది. "చెరువుగట్టు దగ్గర నేనూ దిగేదాన్నమ్మా. ఊళ్లో చెప్పులు కూడా ఏసుకోకూడదు గదా. ఆయన రెండు చేతులూ బండిమీద ఉండేయి. ఆయన చెప్పులూ నా చెప్పులూ నేనే చేత్తో పట్టుకుని ముందు నడిచేదాన్ని. రామాలయం దాటాక కింద పెడితే ఆయన తొడుక్కునేవారు." బండిని తోసిన మేమంతా ఆ రెండు జతల చెప్పులూ చూశాం. ఒక్కడం కూడా చెప్పలేదు, ఒక ఆడపిల్ల అడిగేదాకా.

ఆ చెప్పుల్ని మా నాయన కుట్టి ఉండొచ్చు.

ఇప్పుడు చట్టం మాట చెబుతాను. ఎస్సీ ఎస్టీలమీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో సవరణ చేశారు. 2016 జనవరి 26 నుంచి అమలైంది. ఆ సవరణలో కొత్తగా చేర్చిన నేరాల్లో ఒకటి చదవండి. దళితుల్ని బహిరంగ స్థలాల్లో సైకిలుగానీ మోటారు సైకిలుగానీ ఎక్కనీయకపోవడం, నడపనీయకపోవడం, చెప్పులు గానీ కొత్త బట్టలు గానీ వేసుకోనీయకపోవడం, పెళ్లి ఊరేగింపు తీయనీయకపోవడం, ఆ ఊరేగింపులో గుర్రంగానీ ఇంకో వాహనంగానీ ఎక్కనీయకపోవడం నేరం. మోటారు సైకిలు, చెప్పులు ఒకే వాక్యంలో ఉన్నాయి. మాస్టారి భార్య చెప్పిన మాట పార్లమెంటు రాసిన వాక్యంలో ఉంది. 1961లో మహారాజు ఫ్యాక్టరీ ప్రారంభించాడని ప్రతి జావా పుస్తకం చెబుద్ది. దళితుడు మోటారు సైకిలు నడపడానికి అడ్డుపడితే నేరమని 2016లో చట్టం అమలు చేయాల్సి వచ్చిందని ఏ మోటారు సైకిలు పుస్తకం చెబుద్ది? ఇది కూడా ఆ బండి చరిత్రలో ఒక తేదీయే.

చట్టం వచ్చాక ఆగిందా? 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతులమీద కత్తులతో దాడి చేశారు. బుల్లెట్ నడిపినందుకే కొట్టారని అతని కుటుంబం చెప్పింది. హ్యాండిల్ పట్టుకునేవి చేతులే కదా. మా పెదనాయన కాలు పోయింది, ఆ పిల్లాడి చేతులమీదికొచ్చారు. అరవై ఏళ్లలో బండి మోడళ్లు ఎన్ని మారాయో!

అందుకే విద్యార్థులకీ కార్యకర్తలకీ నా మనవి. మీ ఊళ్లలో పశువుల కొట్టాల్లో, తాటాకుల కింద, పాత సామాను కొట్లలో ఇంకా బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు ఉన్నాయి. వాటిని నడిపినోళ్లు, కడిగినోళ్లు, తోసినోళ్లు ఇంకా కొందరు బతికున్నారు. కొద్దికాలమే ఉంటారు. ఎవరు కొన్నారని ఆఖర్న అడగండి. పొద్దున్నే కిక్కు ఎవరు కొట్టేవాళ్లు, సీటుమీద ఎవర్ని కూర్చోనిచ్చేవాళ్లు, ఏ మలుపు దగ్గర దిగేవాళ్లు, ఎంతదూరం తోసేవాళ్లు, చెప్పులు ఎవరి చేతిలో ఉండేయి, ఏ రోజునుంచి దిగడం మానేశారు, మానేసినందుకు ఏం జరిగింది అని ముందడగండి. షెడ్డుల్లో పనిచేసే పిల్లల్ని అడగండి. మనోళ్లు, ముస్లిములు, చేతిపని కులాలోళ్లు, వాళ్లే ఈ బండ్లని యాభై ఏళ్లు బతికించారు. పేర్లు రాయండి. ఊరు, ఏడు రాయండి. భూమి రికార్డుల్లో మన పేర్లు లేవని కొట్లాడుతున్నాం. ఇవి కూడా రికార్డులే, ఇంకెవరూ రాయరు.

నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఇప్పటికి పదకొండు బండ్ల సంగతులు రాశాను. పోయిన నెల ఒక రాజ్‌దూత్ వచ్చింది. పాలు పోసే ముసలాయన తీసుకొచ్చాడు. వెనక క్యాను కట్టుకునే ఇనప చట్రం ఇంకా దానికే ఉంది. ఇంజను నంబరు ఇంకా తుడిచి చూడలేదు. ఆయన రోజూ సాయంత్రం షెడ్డుకొచ్చి కూర్చుంటున్నాడు. ముందు ఆయన చెప్పేది రాసుకుంటున్నాను.